మీ సర్క్యూట్.. మీ సొంత బోర్డు: తొలి అడుగు ఏ సాఫ్ట్‌వేర్‌తో?

ప్రాజెక్టు రివ్యూ రోజు చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో కనిపించే దృశ్యమే ఇది. థర్మాకోల్ షీటు మీద ఒక ఆర్డుయినో ఊనో, పక్కన బ్రెడ్‌బోర్డు, రెండింటి మధ్య రంగురంగుల జంపర్ వైర్లు. రాత్రి రెండింటి దాకా చక్కగా పనిచేసింది. పొద్దున బస్సులో తెచ్చేసరికి ఎక్కడో ఒక వైరు వదులైంది. ఎక్కడో తెలీదు. ఎగ్జామినర్ పక్క టేబుల్ దాకా వచ్చేశారు!

ఈ అవస్థకు మందు సొంత సర్క్యూట్ బోర్డు. మైక్రోకంట్రోలర్, రెగ్యులేటర్, సెన్సర్ కనెక్టర్లు అన్నీ అరచేతిలో పట్టే పచ్చ బోర్డు మీద కూర్చుంటాయి. ఊడిపోవడానికి వైర్లే ఉండవు. ఒకప్పుడు ఇది కంపెనీలు మాత్రమే చేసే పని. ఇప్పుడు రెండు లేయర్ల చిన్న బోర్డును ఐదు ముక్కలు ఆర్డరిస్తే, చాలాసార్లు బోర్డుల ధర కన్నా కొరియర్ ఖర్చే ఎక్కువ. డిజైన్ ఫైలు మాత్రం మనమే ఇవ్వాలి. మన విద్యార్థులు ఆగిపోయేది అక్కడే. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని అడిగితే సీనియర్ ఒకటి చెబుతాడు, ల్యాబ్ అసిస్టెంట్ ఇంకోటి, యూట్యూబ్ మూడోది.

సాగదీయకుండా సమాధానం ముందే చెప్పేద్దాం. ఈసీఈ, ఈఈఈ, పాలిటెక్నిక్ విద్యార్థుల్లో ఎక్కువమందికి సరైన ఎంపిక కీక్యాడ్. వచ్చే వారం లోపు ఒక్క బోర్డు చేతికి వస్తే చాలు, ఆ తర్వాత ఈ రంగం వైపు చూసేది లేదు అనుకునేవారికి ఈజీఈడీఏ సరిపోతుంది. మిగతావన్నీ ఈ రెండింటి తర్వాతే. ఎందుకో అర్థం కావాలంటే, అసలు ఈ సాఫ్ట్‌వేర్ చేసే పనేంటో ముందు చూడాలి.

బొమ్మ నుంచి బోర్డు దాకా

ఒక చిన్న బోర్డు అనుకుందాం. మొక్క కుండీలో నేల తేమను చూసి, ఆరిపోతే ఎల్‌ఈడీ వెలిగించాలి. ఊనోలో ఉండే ఏటీమెగా328పీ చిప్పునే వాడదాం. ఇది 28 కాళ్ల డిప్ ప్యాకేజీలో దొరుకుతుంది, సాకెట్‌లో పెట్టుకోవచ్చు. దీనికి కావాల్సినవి మరీ ఎక్కువేం కాదు. 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, దానికి రెండు 22 పికోఫారడ్ కెపాసిటర్లు, రీసెట్ పిన్నుకు 10 కిలోఓమ్‌ల రెసిస్టరు, పవర్ పిన్నుల పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు. దుకాణంలో ‘104’ అని అడిగితే ఇచ్చేవి అవే. వీటికి తోడు సెన్సర్‌కు మూడు పిన్నుల కనెక్టరు, ప్రోగ్రామ్ ఎక్కించడానికి ఆరు పిన్నుల హెడరు.

సాఫ్ట్‌వేర్‌లో మొదట గీసేది స్కీమాటిక్. పుస్తకంలో చూసే సర్క్యూట్ బొమ్మే. ఇక్కడ చిప్పు ఒక దీర్ఘచతురస్రం, రెసిస్టరు ఒక గుర్తు. వీటిని సింబల్స్ అంటారు. దేనికి ఏది కలవాలన్నదే ఇక్కడ ముఖ్యం, ఎంత పెద్దది, ఎక్కడ ఉంటుంది అన్నది కాదు. రెండో దశలో ప్రతి సింబల్‌కూ ఒక ఫుట్‌ప్రింట్ జతచేయాలి. అంటే ఆ భాగం బోర్డు మీద ఆనే చోట రంధ్రాలు, రాగి మెత్తలు ఎంత దూరంలో, ఎంత సైజులో ఉండాలన్న కొలత. డిప్ చిప్పు కాళ్ల మధ్య దూరం 2.54 మి.మీ. ఉంటుంది. అదే ఏటీమెగా328పీ ఉపరితలం మీద అతికించే చిన్న ప్యాకేజీలోనూ వస్తుంది, దాని ఫుట్‌ప్రింట్ పూర్తిగా వేరు. చిప్పు ఒకటే, పాదాలే రెండు రకాలు.

మూడోది లేఅవుట్. భాగాలను బోర్డు మీద సర్ది, రాగి ట్రాకులతో కలపడం. చివరిగా గెర్బర్ ఫైళ్లు, డ్రిల్ ఫైలు తీసి తయారీదారుకు పంపడం. గెర్బర్ అంటే ఒక్కో లేయర్‌కు ఒక్కో ఫొటో లాంటిది. రాగి ఎక్కడుండాలి, పచ్చరంగు పూత ఎక్కడ ఉండకూడదు, తెల్ల అక్షరాలు ఎక్కడ రాయాలి అని చెబుతుంది. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా, ప్రపంచంలో ఏ ఫ్యాక్టరీకి పంపినా దాదాపుగా ఇదే భాష.

ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేని తప్పు

కొత్తవాళ్ల బోర్డులు పాడయ్యేది ట్రాకులు వంకరగా గీయడం వల్ల కాదు. సింబల్‌కూ ఫుట్‌ప్రింట్‌కూ పొంతన కుదరక. ఈ ఒక్క విషయం మీద కాస్త ఆగుదాం. సాఫ్ట్‌వేర్ ఎంపికకు అసలు గీటురాయి ఇదే.

3.3 వోల్టుల కోసం అందరూ వాడే ఏఎంఎస్1117 రెగ్యులేటర్‌ను తీసుకోండి. సాట్-223 ప్యాకేజీలో దీని మొదటి కాలు గ్రౌండ్, రెండోది అవుట్‌పుట్, మూడోది ఇన్‌పుట్. పైనున్న వెడల్పాటి రేకు కూడా అవుట్‌పుట్టే. మనకు మొదటి నుంచీ అలవాటైన 7805 అలా కాదు. మొదటి కాలు ఇన్‌పుట్, రెండోది గ్రౌండ్, మూడోది అవుట్‌పుట్, రేకు గ్రౌండ్. ‘రేకు అంటే గ్రౌండే కదా’ అన్న అలవాటుతో ఏఎంఎస్1117 రేకును గ్రౌండ్ రాగికి కలిపేస్తే అవుట్‌పుట్ నేరుగా షార్ట్. అలా కలపమని మీరే స్కీమాటిక్‌లో చెప్పారు కాబట్టి సాఫ్ట్‌వేర్ నోరు మెదపదు.

ట్రాన్సిస్టర్లదీ ఇదే కథ. చదునైన ముఖం మనవైపు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే బీసీ547లో ఎడమ నుంచి కలెక్టరు, బేస్, ఎమిటరు. ప్లాస్టిక్ పీఎన్2222లో ఎమిటరు, బేస్, కలెక్టరు. బయటికి రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. ఇక ఉపరితల భాగాల సైజుల సంగతి సరేసరి. 0603 అనే అంకె అంగుళాల లెక్కలో ఒక సైజు, మెట్రిక్ లెక్కలో దానికన్నా ఎంతో చిన్నదైన ఇంకో సైజు. మెట్రిక్ 0603 అంటే అంగుళాల లెక్కలో 0201, కంటికి ఆవగింజ కన్నా చిన్నగా కనిపించే ముక్క. కీక్యాడ్ లైబ్రరీలో ఫుట్‌ప్రింట్ పేరులోనే రెండు అంకెలూ రాసి ఉంటాయి, 0805 పక్కనే 2012 మెట్రిక్ అని. చిన్న విషయంలా కనిపించినా ఎంతోమంది డబ్బు కాపాడే ఏర్పాటు ఇది.

మరి ఏం చేయాలి? భాగాలు ముందు కొనండి, బోర్డు తర్వాత గీయండి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీకి ఒక మధ్యాహ్నం వెళ్లిరండి. స్క్రూ టెర్మినల్, పుష్ బటన్, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్.. వీటి కాళ్ల దూరం వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి. లేఅవుట్ అయ్యాక 1:1 సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, కింద థర్మాకోల్ ముక్క పెట్టి, భాగాలను ఆ కాగితంలోకి గుచ్చి చూడండి. పది రూపాయల జిరాక్స్‌తో పట్టుబడే తప్పును పది రోజుల కొరియర్ తర్వాత తెలుసుకోవడం ఎందుకు?

దేని గుణం ఏమిటి?

బ్రెడ్‌బోర్డు నుంచి వచ్చేవాళ్లకు మొదట కంటబడేది ఫ్రిట్జింగ్. జర్మనీలోని పోట్స్‌డామ్ అప్లైడ్ సైన్సెస్ వర్సిటీలో పుట్టింది. తెర మీద నిజం బ్రెడ్‌బోర్డు, నిజం ఆర్డుయినో లాగే బొమ్మలుంటాయి. వైర్లు లాగుతూ పోవచ్చు. ప్రాజెక్టు రిపోర్టులో పెట్టే కనెక్షన్ బొమ్మకు ఇంతకన్నా చక్కటిది లేదు. డౌన్‌లోడ్‌కు కొద్దిపాటి రుసుము అడుగుతారు. కానీ బోర్డు డిజైన్‌కు దీన్ని ఎంచుకోవద్దు. డిజైన్‌లో నిజంగా ఆలోచించాల్సిన చోట ఇది మరీ నెమ్మదిస్తుంది. బొమ్మ గీయడానికి వాడుకుని వదిలేయండి.

ఈజీఈడీఏ సంగతి వేరు. ఇది బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. చైనాలోని షెంజెన్‌కు చెందిన విడిభాగాల దుకాణం ఎల్‌సీఎస్‌సీ, బోర్డుల తయారీ సంస్థ జేఎల్‌సీపీసీబీ, ఈ సాఫ్ట్‌వేర్.. మూడూ ఒకే కుటుంబానివి. అందుకే భాగం నంబరు వెతికితే సింబల్, ఫుట్‌ప్రింట్, 3డీ బొమ్మ మూడూ కలిసి దిగుతాయి. డిజైన్ ముగిసిన పేజీ నుంచే ఆర్డరు బటన్. మొదటిసారి కూర్చున్న విద్యార్థి ఒక సాయంత్రంలో బోర్డు పూర్తి చేయగలడు. ఈ సుఖాన్ని తక్కువ చేసి చెప్పడం అన్యాయం.

అయితే సుఖం వెనకే మెలిక. లైబ్రరీలోని లక్షల భాగాల్లో చాలా వరకు ఎవరో వాడకందారులు గీసి పెట్టినవి. డేటాషీట్‌తో సరిపోల్చకుండా వాడితే పైన చెప్పిన కష్టాలే. ఫుట్‌ప్రింట్ దానంతటదే వచ్చేస్తుంది కాబట్టి, అలాంటిదొకటి ఉందనే సంగతే తెలియకుండా మూడు బోర్డులు చేసేసినవాళ్లుంటారు. డిజైన్ మామూలుగా వాళ్ల సర్వర్‌లో ఉంటుంది. హాస్టల్ వైఫై ఎలా ఉంటుందో మీకు కొత్తగా చెప్పాలా! డెస్క్‌టాప్ వెర్షన్ దించుకుంటే ఈ చివరి ఇబ్బంది కొంత తీరుతుంది.

ఇక కీక్యాడ్. కొందరు కైక్యాడ్ అంటారు, తయారుచేసినవాళ్లు మాత్రం కీక్యాడ్ అనే పలుకుతారు. 1992లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో జాఁ పియర్ షారా దీన్ని మొదలుపెట్టారు. విశ్వ రహస్యాల కోసం కణాలను ఢీకొట్టించే సెర్న్ పరిశోధనశాల 2013 నుంచి దీని అభివృద్ధిలో చేయి వేసింది. ట్రాకు గీస్తుంటే అడ్డొచ్చిన పాత ట్రాకులను దానంతటదే పక్కకు నెట్టుకుంటూ పోయే సదుపాయం అక్కడి ఇంజినీర్ల చలవే. పూర్తిగా ఉచితం. ఉచితం అంటే విద్యార్థి ఉన్నంతకాలమో, బోర్డు చిన్నగా ఉన్నంతవరకో కాదు. రేపు మీరు స్టార్టప్ పెట్టి, ఇదే సాఫ్ట్‌వేర్‌తో చేసిన బోర్డులు అమ్ముకున్నా ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. 32 రాగి లేయర్ల వరకు గీయొచ్చు. మన తొలి బోర్డుకు రెండు చాలనుకోండి. విండోస్, మ్యాక్, లినక్స్ అన్నింటిలో నడుస్తుంది.

మైక్రోకంట్రోలర్ బోర్డుల విషయంలో దీనికి ఇంకో బలం ఉంది. రాస్ప్‌బెర్రీ పై సంస్థ తన ఆర్‌పీ2040 చిప్పుతో సొంత బోర్డు చేసుకునేవారి కోసం ఒక కనీస డిజైన్‌ను విడుదల చేసింది. ఆ ఫైళ్లు కీక్యాడ్‌వే. తెరిచి చూస్తే క్రిస్టల్ చిప్పుకు ఎంత దగ్గరగా పెట్టారు, ఫ్లాష్ మెమరీ ఎక్కడుంది, యూఎస్‌బీ ట్రాకులు జంటగా ఎలా వెళ్లాయి అన్నీ కనబడతాయి. ఒక మంచి బోర్డును విప్పి చూడటం పది వీడియోల పెట్టు.

ఈగిల్ గురించి ఒక మాట చెప్పక తప్పదు. చాలా ల్యాబుల్లో, పాత యూట్యూబ్ పాఠాల్లో ఇప్పటికీ అదే. 1988 నుంచి ఉన్న పేరు. ఆర్డుయినో తొలి బోర్డుల ఫైళ్లు కూడా ఈగిల్‌లో చేసినవే. దాన్ని 2016లో ఆటోడెస్క్ కొనేసింది. 2026 జూన్ 7 తర్వాత ఈగిల్ అమ్మకాలు, సపోర్టు ఉండవని 2023లోనే ప్రకటించింది. దాని స్థానంలో ఫ్యూజన్ సాఫ్ట్‌వేర్‌లోని ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని వాడుకోమంటోంది. వ్యక్తిగత ఉచిత వాడకంలో రెండు లేయర్లు, 80 చదరపు సెంటీమీటర్లు దాటకూడదన్న హద్దులున్నాయి. విద్యార్థులకు చదువు లైసెన్సు వేరుగా దొరుకుతుంది. బాక్సు డిజైన్, బోర్డు డిజైన్ రెండూ ఒకేచోట చేయాలనుకునే మెకానికల్ స్నేహితులుంటే ఫ్యూజన్ బాగుంటుంది. కానీ ఇప్పుడు కొత్తగా ఈగిల్ నేర్చుకోవడం మొదలుపెడితే, మూసేస్తున్న కొట్లో ఖాతా తెరిచినట్టే.

ఈగిల్ కథలో అందరికీ ఉపయోగపడే ప్రశ్న ఒకటుంది. సాఫ్ట్‌వేర్ పోయిన రోజు నా ఫైలు ఏమవుతుంది? కీక్యాడ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు, మామూలు అక్షరాలే ఉంటాయి. పైగా ఈగిల్ ఫైళ్లను, ఆల్టియం ఫైళ్లను కీక్యాడ్ తనలోకి తెచ్చుకోగలదు. 2024లో వచ్చిన 8వ వెర్షన్ నుంచి ఈజీఈడీఏ ఫైళ్లనూ తెచ్చుకుంటోంది. అంటే ఈజీఈడీఏతో మొదలుపెట్టినవాళ్లకూ తలుపు మూసుకుపోలేదు.

కాలేజీ ల్యాబుల్లో ప్రోటియస్ కూడా కనిపిస్తుంటుంది. మైక్రోకంట్రోలర్ ప్రోగ్రామ్‌ను తెర మీదే నడిపి చూసే సిమ్యులేషన్ దాని గొప్పదనం. సిలబస్‌లో ఉంటే నేర్చుకోండి, మంచిదే. ఇంట్లో క్రాక్ వెర్షన్ వేసుకుని మాత్రం కాదు. ఆల్టియం విషయంలోనూ ఈ క్రాక్ జబ్బు ఎక్కువే. లక్షల రూపాయల సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరికింది కదా అని దించుకుంటే వైరస్ కొసరు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంటర్వ్యూలో. ‘ఆల్టియం వచ్చు’ అని రెజ్యూమేలో రాస్తే ‘లైసెన్సు ఎక్కడిది?’ అన్న ప్రశ్నకు జవాబుండాలిగా! ఆల్టియం విద్యార్థులకు ఉచితంగా ఇచ్చే లైసెన్సు ఉంది. కాలేజీ ఐడీతో అడిగితే సరిపోయేదానికి దొంగదారి దేనికి?

మొదటి వారం చిరాకులు

కీక్యాడ్ మొదటి రోజే ప్రేమించేసే సాఫ్ట్‌వేర్ కాదు. ఇన్‌స్టాలరే దాదాపు ఒక జీబీ. కాలేజీ ల్యాబ్ నెట్‌లో దించుకుని పెన్‌డ్రైవ్‌లో పంచుకోవడం మేలు, ఇందులో దొంగతనం ఏమీ లేదు. 8 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ తడబడితే సెట్టింగ్స్‌లో ఫాల్‌బ్యాక్ గ్రాఫిక్స్ ఎంచుకోవచ్చు.

స్కీమాటిక్ గీశాక తప్పుల తనిఖీ నొక్కగానే కొత్తవాళ్లందరినీ కలవరపెట్టే ఎర్ర బాణం ఒకటి వస్తుంది. పవర్ ఇన్‌పుట్ పిన్నుకు పవర్ ఇచ్చేదేదీ లేదని దాని ఫిర్యాదు. మనమేమో 5 వోల్టులు కనెక్టరు నుంచి చక్కగా కలిపి ఉంటాం. సంగతేంటంటే, మామూలు కనెక్టరు నుంచి కరెంటు వస్తుందని సాఫ్ట్‌వేర్‌కు తెలీదు. పవర్ ఫ్లాగ్ అనే సింబల్‌ను 5 వోల్టుల గీతకు ఒకటి, గ్రౌండ్‌కు ఒకటి తగిలిస్తే శాంతిస్తుంది. ఇది తెలియక కీక్యాడ్‌ను తిట్టుకుని వదిలేసినవాళ్లు తక్కువేం కాదు.

మౌస్‌తో మెనూలు వెతుక్కుంటూ పోతే విసుగొస్తుంది. నాలుగైదు కీలు చేతికి అలవాటు చేసుకోండి. స్కీమాటిక్‌లో ‘ఎ’ నొక్కితే కొత్త సింబల్, ‘డబ్ల్యూ’ నొక్కితే వైరు. అది ముగిశాక ‘ఎఫ్8’తో వివరాలన్నీ బోర్డులోకి వెళ్తాయి. అక్కడ ‘ఎక్స్’ నొక్కితే ట్రాకు, గీస్తూ ‘వి’ నొక్కితే ట్రాకు కింది లేయర్‌లోకి దిగుతుంది, ‘బి’ నొక్కితే గ్రౌండ్ రాగి నిండుతుంది. ‘ఆటో రూటింగ్ లేదా?’ అని అడుగుతారు. కీక్యాడ్‌లో సొంతంగా లేదు, బయటి ప్లగిన్ తగిలించుకోవాలి. ఈజీఈడీఏలో ఉంది. తొలి బోర్డుకు రెండుచోట్లా వాడకపోవడమే మంచిది. ట్రాకులు చేత్తో గీస్తేనే క్రిస్టల్‌ను ఇంకాస్త దగ్గరికి జరపాలని తడుతుంది.

పాఠాల కోసం ఐఐటీ బాంబే వైపు చూడండి. అక్కడి ఫాసీ ప్రాజెక్టు ఈసిమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసింది. అందులో స్కీమాటిక్ గీసేది కీక్యాడ్‌తోనే. అదే ఐఐటీ స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో కీక్యాడ్ పాఠాలూ ఉన్నాయి. వెర్షన్ మాత్రం చూసుకోండి. పాత వెర్షన్ వీడియోలో ఉన్న బటన్ కొత్తదానిలో ఇంకోచోట ఉండొచ్చు.

ఉద్యోగాల మాట

హార్డ్‌వేర్ డిజైన్ ఇంజినీర్, పీసీబీ లేఅవుట్ ఇంజినీర్ ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే పేర్లు ఆల్టియం, కేడెన్స్ అల్లెగ్రో. ఇది దాచాల్సిన విషయం కాదు. ‘మరి కీక్యాడ్ నేర్చుకుని లాభమేంటి?’ అని అడగడం న్యాయమే. స్కీమాటిక్, ఫుట్‌ప్రింట్, డిజైన్ రూల్స్, గెర్బర్.. ఈ క్రమం అన్నింటిలో ఒకటే. ఒకదానిలో నాలుగు బోర్డులు చేసినవారికి ఇంకోదానికి మారడం అంటే బటన్లు ఎక్కడున్నాయో వెతుక్కోవడమే. ఏ బోర్డూ చేయకుండా ఆల్టియం కోర్సు సర్టిఫికెట్ ఉన్నవారికి ఆ సౌకర్యం లేదు. కీక్యాడ్‌తో మూడో ఏడాదిలో మొదలుపెట్టి, చివరి ఏడాది విద్యార్థి లైసెన్సుతో ఆల్టియంలో ఒక బోర్డు చేయడం మా దృష్టిలో మంచి దారి.

పనులు పెరిగే సూచనలూ ఉన్నాయి. ఎలక్ట్రానిక్ విడిభాగాల తయారీకి రూ.22,919 కోట్లతో కేంద్ర కేబినెట్ 2025 మార్చిలో ఆమోదించిన పథకంలో మల్టీలేయర్ సర్క్యూట్ బోర్డులు కూడా ఉన్నాయి. బోర్డు తయారీ ఒక పని, డిజైన్ ఇంకో పని నిజమే. కానీ గెర్బర్ ఫైలు చూసి తప్పు పట్టగల మనిషి రెండు చోట్లా కావాలి.

ఇంటర్వ్యూలో మీ బోర్డును చేతికిస్తే పెద్దగా అడిగేవి ఇలాంటివే. ఈ కెపాసిటర్ ఇక్కడే ఎందుకు పెట్టావు? ఈ ట్రాకు ఇంత వెడల్పు ఎందుకు? రెండోదానికి జవాబు కీక్యాడ్‌లోని క్యాలిక్యులేటర్‌లో దొరుకుతుంది. బోర్డు పైపొరలో మామూలుగా ఉండే 35 మైక్రాన్ల మందం రాగితో, 10 డిగ్రీల వేడి పెరుగుదలకు మించకుండా ఒక ఆంపియర్ వెళ్లాలంటే దాదాపు 0.3 మి.మీ. వెడల్పు కావాలి. మోటారుకు వెళ్లే ట్రాకును సెన్సర్ ట్రాకు అంత సన్నగా గీసినవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. బోర్డు ఫైళ్లను, సోల్డరింగ్ చేసిన ఫొటోలను, మొదటి వెర్షన్‌లో ఏం తప్పైందో రాసిన నోటును గిట్‌హబ్‌లో పెట్టండి. ఆ తప్పుల నోటే ఎక్కువ ఆసక్తిగా చదువుతారు.

తొలి బోర్డుకు ఏం ఎంచుకోవాలి?

230 వోల్టులు ముట్టుకునేది ఏదీ వద్దు. పొలం మోటారును ఫోన్‌తో ఆన్ చేయాలన్న కోరిక చాలామందికి ఉంటుంది, మంచి కోరికే. కానీ బోర్డు మీద కరెంటు ఉన్న వైపునకూ, చిప్పు ఉన్న వైపునకూ మధ్య ఎంత ఖాళీ వదలాలో తెలియకుండా ఆ జోలికి వెళ్లడం ప్రాణాలతో చెలగాటం. మొదట కుండీ బోర్డు చేయండి, రిలే పని రెడీమేడ్ మాడ్యూల్‌కు వదిలేయండి.

వైఫై కావాలంటే ఈఎస్‌పీ32 మాడ్యూల్. చిప్పు విడిగా కాదు, రేకు కప్పిన మాడ్యూలే తీసుకోండి, కొత్తవారికి యాంటెన్నా డిజైన్ గొడవ ఉండదు. మాడ్యూల్‌ను బోర్డు అంచున, యాంటెన్నా బయటివైపు ఉండేలా పెట్టి, దాని కింద రాగి లేకుండా చూడండి. గ్రౌండ్ రాగి నింపేటప్పుడు ఇది మర్చిపోతే వైఫై గది దాటదు. పవర్ సప్లయ్ కనీసం 500 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలి. పిన్నుల ఎంపికలోనూ మెలికలున్నాయి. పాత ఈఎస్‌పీ32లో 34 నుంచి 39 వరకు ఉన్న జీపీఐఓలు ఇన్‌పుట్‌కే పనికొస్తాయి, 6 నుంచి 11 వరకు ఫ్లాష్ మెమరీకి పోతాయి. 12వది ఆన్ అయ్యే క్షణంలో హై మీద ఉంటే మామూలు మాడ్యూల్ బూట్ కాకుండా మొండికేస్తుంది. అక్కడ బటన్, పుల్-అప్ రెసిస్టరు పెట్టొద్దు. ఇవేవీ సాఫ్ట్‌వేర్ చెప్పదు, డేటాషీటే చెబుతుంది.

ఏటీమెగా బోర్డులో గుర్తుంచుకోవాల్సింది ఒకటే. 7వ కాలుకు 5 వోల్టులు ఇచ్చి, 20వ కాలును వదిలేస్తుంటారు. అది అనలాగ్ విభాగం పవర్. దానికీ 5 వోల్టులు, పక్కనే ఇంకో 104 కెపాసిటర్ ఉండాలి. తేమ సెన్సర్ రీడింగ్ గంతులేస్తుంటే ముందు అక్కడే చూడండి. 8, 22 కాళ్లు రెండూ గ్రౌండ్‌కే.

ఉపరితల భాగాలు వాడితే 0805 సైజు దాకా ఇంటి సోల్డరింగ్ ఐరన్‌తో చేయగలరు. కీక్యాడ్‌లో చేత్తో సోల్డర్ చేసేవారి కోసం మెత్తలు కాస్త పొడవుగా ఉన్న ఫుట్‌ప్రింట్లు ప్రత్యేకంగా ఉన్నాయి, వాటినే ఎంచుకోండి.

ఆర్డరు చేసేముందు తయారీదారు వెబ్‌సైట్‌లో కనీస ట్రాకు వెడల్పు, కనీస రంధ్రం సైజు చూసి ఆ అంకెలను సాఫ్ట్‌వేర్ డిజైన్ రూల్స్‌లో నింపండి. అప్పుడు హద్దు దాటిన ప్రతిచోటా అదే హెచ్చరిస్తుంది. గెర్బర్‌ను కీక్యాడ్‌తో పాటు వచ్చే వ్యూయర్‌లో మళ్లీ తెరిచి, ఒక్కో లేయర్ ఆపుతూ చూడండి. మనదేశంలో గాంధీనగర్‌లోని పీసీబీ పవర్, బెంగళూరులోని లయన్ సర్క్యూట్స్ వంటివి చిన్న ఆర్డర్లు తీసుకుంటాయి. చైనాలో బోర్డు చవక, కానీ కస్టమ్స్ సుంకం, కొరియర్ కలిపాక ఎంతవుతుందో లెక్కేసుకోండి. హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్‌కు వెళ్తే ప్రోటోటైపులు ఎలా తయారవుతాయో కళ్లారా చూడొచ్చు.

బోర్డులు వచ్చాక ఐదింటిలో ఒకటి ఖాళీగా పక్కన పెట్టండి. తర్వాత ఏదైనా అనుమానం వస్తే, భాగాలు లేని ఆ బోర్డు మీద మల్టీమీటర్‌తో ట్రాకు తనిఖీ చేయడం తేలిక. రెండోదానిలో ముందు పవర్ విభాగం మాత్రమే సోల్డర్ చేసి, 5 వోల్టులకూ గ్రౌండ్‌కూ మధ్య షార్ట్ లేదని చూసుకుని కరెంటివ్వండి. సాకెట్ 7వ రంధ్రంలో, 20వ రంధ్రంలో 5 వోల్టులు వస్తున్నాయా? వస్తుంటే కరెంటు తీసేసి, అప్పుడు చిప్పు గుచ్చండి. గాటు ఎటువైపు ఉందో ఒకసారి చూసుకుని.